శ్రవణ త్రికోణంలో గుమ్మడిలంక బస్సు

కొత్తరేవు బస్టాండులో బస్సులు వేళకి రావడం లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే దానికి జవాబు చెప్పడం కష్టం. మైకు సరిగ్గా వినపడడం లేదని చేస్తే సులువు. బస్సుని వేళకి రప్పించడం ఎవరి తరమూ కాదు గానీ, మైకు మార్చడం ఎవరి తరమైనా అవుతుంది. అందుకే మా ప్రయాణ ప్రాంగణాల సంస్థ పెద్దలు ఫిర్యాదుల డబ్బాలో చెయ్యి పెట్టి ఆ రెండో రకం కాగితాన్నే ఏరుకున్నారు. ఏరుకుని నెత్తిన పెట్టుకున్నారు.

నేను ఆ బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు మనిషిని. పేరు సత్యవేణి. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందో మైకులో చెప్పడం నా పని. బయట స్తంభానికి ఒక ఇనప బాకా ఉండేది. పెళ్ళిళ్ళకీ ఎన్నికలకీ కట్టే రకం. నేను "గుమ్మడిలంక వెళ్ళే బస్సు" అంటే అది "గుఁవ్వ్ గుఁవ్వ్ బుస్సు" అనేది. ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాక అందరూ కౌంటరు దగ్గరికి వచ్చి "ఏం చెప్పారమ్మా" అని అడిగేవారు. నేను నోటితో చెప్పేదాన్ని, వాళ్ళు వెళ్ళి ఎక్కేవారు. పిలవడం బాకా పని, చెప్పడం నా పని. ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది లేకుండా ఏళ్ళ తరబడి నడిచింది.

నాలుగో ప్లాట్‌ఫారం గుమ్మడిలంక బస్సుది. ఏటి మధ్య ఉన్న ఆ లంకకి వారధి కట్టాక వేసిన బస్సు. పొద్దున్న ఒకసారి వస్తుంది, సాయంత్రం ఒకసారి వెళ్తుంది. ఆ ఊరికి వేరే బండి లేదు. వంకాయలూ దొండకాయలూ గంపల్లో పెట్టుకుని పొద్దున్నే దిగి, సాయంత్రం ఖాళీ గంపలతో ఎక్కే ఆడవాళ్ళే దానికి జనం. వాళ్ళకి పెద్దదిక్కు దానమ్మ. మనిషి బక్కపలచన గానీ గొంతు గట్టిది, మాట పెళుసు. ఆవిడ బస్టాండులో అడుగు పెడితే నా బాకా చిన్నబోయేది.

"ఈ బస్సే లేకపోతే నా వంకాయలు నేనే తినాలి సత్యవేణమ్మా" అనేది దానమ్మ. ఊరికే అనేది కాదు. ఏ బస్సయినా నెల పాటు జనం లేకుండా తిరిగితే దాన్ని తీసెయ్యాలని మా సంస్థలో ఒక నిబంధన ఉంది. ఆ సంగతి దానమ్మకి తెలుసు. అందుకని ఎవరైనా జ్వరంతో పడుకున్నా దుప్పటి కప్పి మరీ బస్సెక్కించేది.

ఇలా ఉండగా మా ప్రాంతీయాధికారి లలితమోహనరావు గారు ఏదో శిక్షణకని నగరం వెళ్ళి, అక్కడ తోడల్లుడి ఇంట్లో ఒక జత స్పీకర్లు విని వచ్చారు. మనిషెత్తు స్పీకర్లట. వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు, వాయించేవాడు ఊపిరి పీల్చిన చప్పుడు, ఆ పక్కవాడు చొక్కా సర్దుకున్న చప్పుడు కూడా వినిపించాయట. అది విని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఆ తడి ఆరకముందే తిరిగొచ్చి మా బస్టాండులో జీపు దిగేసరికి మా బాకా "గుఁవ్వ్" అంది.

ఆయన చెవులు మూసుకుని నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సత్యవేణి గారూ, ఇది శబ్దం. ధ్వని కాదు" అన్నారు.

"అవునండి" అన్నాను. పై అధికారి దేన్ని ఏది కాదన్నా అవునండి అనడం నా పద్ధతి.

"ప్రయాణికునికి బస్సు అందకపోయినను సర్దుకొనును. శ్రవణ గౌరవం అందకపోతే మాత్రం అతని ఆత్మ క్షోభిస్తుంది. ఆ దిశగా మనం ఒక సమగ్ర దృక్పథాన్ని అవలంబించవలసి ఉన్నది."

ఆయన ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కూడా ఇలాగే అడుగుతారేమో వాళ్ళావిడ కనిపిస్తే కనుక్కోవాలి.

వారం తిరక్కుండా శ్రవణ ప్రమాణాల ఎంపిక సంఘం అని ఒకటి పుట్టింది. అధ్యక్షులు ఆయనే. సభ్యులు ఇద్దరు. ఒకరు భవనాల ఇంజినీరు జగన్నాథరాజు గారు, ఒకరు వర్క్‌షాపు ఇంజినీరు మస్తాన్ వలీ గారు. మైకు నా చేతిలో ఉంటుంది కాబట్టి నన్ను కన్వీనరుని చేశారు. కన్వీనరు పని టీలు చెప్పడం.

స్పీకరంటే రెండు భాగాలని మొదటి సమావేశంలోనే నాకు తెలిసింది. ఒకటి పెట్టె. రెండోది పెట్టె ముందువైపు బిగించే కోను. కరెంటు తగిలితే అది ముందుకీ వెనక్కీ ఆడి గాలిని తోస్తుంది, అదే మన చెవికి చప్పుడు. దాన్ని బయట డ్రైవరు అంటారట. మా దగ్గర ఆ మాట వాడితే యూనియను వాళ్ళు వచ్చి దానికీ జీతం స్కేలు అడుగుతారని, కోను అనే రాసుకోమన్నారు.

గోడలు కట్టించే జగన్నాథరాజు గారు సహజంగానే పెట్టె పక్షం. యంత్రాలు బిగించే వలీ గారు కోను పక్షం. ఇద్దరూ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క స్పీకరూ కొన్నవాళ్ళు కారు. అందుకని ఇద్దరికీ ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి.

"కోను ఆడాలండి, పెట్టె ఆడకూడదు" అన్నారు రాజుగారు. "పెట్టె వణికిందంటే దాని గొంతు కూడా కలుస్తుంది. సత్యవేణి గారు ఒక పక్క మాట్లాడుతుంటే, మధ్యలో చెక్క మాట్లాడుతుంది. అందుకని పెట్టె బరువుగా ఉండాలి, లోపల అడ్డబద్దలుండాలి."

"చెక్క ఎంత బిగిస్తే ఏం లాభం సార్" అన్నారు వలీ గారు. "పలికేది కోను. కాగితం కోనైతే గొంతు మెత్తగా ఉంటుంది. లోహం కోనైతే చురుగ్గా ఉంటుంది గానీ ఒకచోటికి వచ్చేసరికి గీ అంటుంది. పైస్వరాలు పలికే చిన్న గుబ్బ ఒకటుంటుంది, అది పట్టుబట్టదే అయ్యుండాలి. పెట్టెదేముంది, కోనుకి కట్టిన పంచె."

"పంచె లేకుండా మీరు ఆఫీసుకి వస్తారా?"

"పంచెనొక్కదాన్నే పంపిస్తే ఆఫీసు పని చేస్తుందా?"

నేను చెప్పిన టీలు చల్లారిపోయాయి.

నమూనాలు తెప్పించారు. రంపప్పొడి అదిమి చేసిన పలకతో ఒక జత, టేకుతో ఒక జత, పక్కలు వంపు తిరిగి బానకడుపుతో ఒక జత. రాజుగారు ప్రతి పెట్టెనీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, దానమ్మ గుమ్మడికాయని చూసినట్టు చూసేవారు. "ఇది బోలు. ఇది కాస్త నయం. దీనికి లోపల అడ్డబద్ద వెయ్యలేదండి, మోసం" అనేవారు. వలీ గారు కోనుని రెండు వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కి, అది తిరిగి వచ్చే తీరు చూసి నిట్టూర్చేవారు. ఎందుకు నిట్టూర్చారో చెప్పేవారు కాదు.

చిక్కు కన్నం దగ్గర వచ్చింది. కొన్ని పెట్టెలకి వెనకవైపు గుండ్రటి కన్నం ఉంటుంది. లోపలి గాలి అందులోంచి వచ్చి కింది స్వరానికి బలమిస్తుందట. అసలు కన్నం ఉండాలా, అన్నివైపులా మూసేసిన పెట్టె మేలా అని లోకంలో వాళ్ళందరూ కొట్టుకుంటారట. మా సంఘం ఆ ప్రశ్న జోలికే పోలేదు.

"కన్నం ఏ దిక్కుకి వస్తుంది?" అన్నారు రాజుగారు.

లెక్క చూస్తే నైరుతికి వచ్చింది.

"నైరుతిలో కన్నమా? సంస్థ నష్టాల్లో పడిపోతుందండి."

"సంస్థ ఇప్పటికే నష్టాల్లో ఉన్నది కదా" అన్నారు అధ్యక్షులు.

"అదే కదండి నేననేది. మన బాకా వెనకభాగం ఇన్నాళ్ళూ ఎటుంది? నైరుతికే."

దీనికి వలీ గారు కూడా తలూపారు. కన్నాలు ఈశాన్యానికి తిప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వెనకభాగం ఈశాన్యానికి తిరిగితే మొహం నైరుతికి తిరుగుతుంది. మా బస్టాండులో నైరుతి మూల మరుగుదొడ్లు ఉన్నాయి. కాబట్టి స్పీకర్లు మరుగుదొడ్లకి అభిముఖంగా నిలబడ్డాయి, వాటికి అనుగుణంగా ప్రయాణికుల బల్లలన్నీ తిప్పి వేశారు.

అంతటితో అయిపోతే బాగుండేది. రెండు స్పీకర్లు, వినే మనిషి సమానదూరంలో ఉంటేనే ధ్వని పరిపూర్ణమవుతుందని లలితమోహనరావు గారు తోడల్లుడి దగ్గర నేర్చుకొచ్చారు. దానికి శ్రవణ త్రికోణమని పేరు పెట్టి, టేపు పట్టించి సున్నంతో నేల మీద గీయించారు. త్రికోణం మూడో మూల వెళ్ళి సరిగ్గా నాలుగో ప్లాట్‌ఫారం మీద పడింది. గుమ్మడిలంక బస్సు ఆగే చోట.

"బస్సును జరపవలెను" అన్నారు అధ్యక్షులు.

"త్రికోణాన్ని కాస్త జరుపుకోకూడదాండి" అన్నాను.

"త్రికోణం గణితం అమ్మా. బస్సు పరిపాలన."

లంక బస్సుని చేపల మార్కెట్టు వెనక్కి తోలారు. అది ఆగే చోట మూడు సోఫాలు వేశారు. స్పీకర్ల ముందు విశ్రాంతి గది పరదా తెచ్చి కట్టారు. ఏది పలుకుతోందో కళ్ళకి తెలిస్తే చెవి పక్షపాతం చూపిస్తుందట. ఒకే వాక్యాన్ని ఒకసారి ఈ జతలో, ఒకసారి ఆ జతలో పలికించి, కళ్ళు మూసుకుని వినాలి. ఆ వాక్యం ఏదై ఉండాలని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి అధ్యక్షుల కళ్ళు మెరిశాయి.

"గుమ్మడిలంక. ఆహా. 'గు'లో కింది స్వరం ఉన్నది, 'మ్మ'లో నిండుతనం ఉన్నది, 'లంక'లో ప్రతిధ్వని ఉన్నది. పెద్దాపురం అంటే ఇంత అందం లేదు."

అలా నేను రోజంతా "ప్రయాణికులకు మనవి. గుమ్మడిలంక వెళ్ళు బస్సు నాలుగవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా నున్నది" అని చదువుతూ కూర్చున్నాను. బాకాలో అయితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈ దిక్కుమాలిన స్పీకర్లలో ప్రతి అక్షరం ముత్యంలా వినిపించింది. నేను చదివినప్పుడల్లా లంక ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని నాలుగో ప్లాట్‌ఫారానికి పరుగెత్తేవారు. అక్కడ బస్సుకి బదులు ముగ్గురు పెద్దమనుషులు సోఫాల్లో కళ్ళు మూసుకుని కనిపించేవారు.

దానమ్మ నా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఏటమ్మా సత్యవేణమ్మా, బస్సొచ్చిందంటావు, ఎల్తే సోఫాలున్నాయి."

"అది పరీక్ష దానమ్మా."

"ఎవురికి?"

"స్పీకర్లకి."

"మరి పరిగెట్టేది మేవేంటి?"

ఈ ప్రశ్నని నేను సంఘం ముందు పెట్టాను. సానుకూలంగా పరిశీలించెదమన్నారు. మూడు రోజులయ్యేసరికి లంకవాళ్ళు నా మాట నమ్మడం మానేశారు. నిజంగా బస్సు వచ్చినప్పుడు నేను చెబితే "ఊరుకోవమ్మా, పరీక్షేలే" అని నవ్వేవారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళలో నా మాట అర్థం కానివాళ్ళున్నారు గానీ నమ్మనివాళ్ళు లేరు.

తరవాత ఇంజన్ల వంతు వచ్చింది. బస్సులు రొద చేస్తూ లోపలికి వస్తుంటే పట్టుబట్ట గుబ్బ పలికే సన్నటి స్వరాలు వినపడడం లేదని వలీ గారు రాసిచ్చారు. ప్రతి బస్సూ గేటు దగ్గర ఇంజను ఆపి తోసుకుని రావలెనని ఉత్తర్వు వచ్చింది. తోసేటప్పుడు "ఐసా" అనరాదని దానికి సవరణ వచ్చింది. కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరవకూడదు. విజిల్ వెయ్యకూడదు. మార్కెట్టు వెనక లంక బస్సు కండక్టరు గుమ్మం దగ్గర నిలబడి, మూగవాడిలా చేతులు ఊపి ఊపి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఆ చేతులు దానమ్మ కంట పడ్డాయి. లంకవాళ్ళందరినీ లేపి బయల్దేరదీసింది. వాళ్ళు లేచి నాలుగడుగులు వేశారో లేదో సోఫాలోంచి లలితమోహనరావు గారు గాభరాగా చెయ్యెత్తారు.

"ఆగండి, ఆగండి. ధ్వని మారిపోయింది."

కారణం తేలడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఖాళీ హాల్లో గోడలు ధ్వనిని వెనక్కి విసిరికొడతాయి. జనం ఉంటే పీల్చుకుంటారు. అందులోనూ నేతచీరలు, గోనెపట్టాలు, వెదురు గంపలూ ఉన్నవాళ్ళు మరీ బాగా పీల్చుకుంటారు. పట్టుచీరలవాళ్ళు పనికిరారు, జారిపోతుంది. మా బస్టాండు మొత్తానికి శ్రవణానుకూలమైన ప్రయాణికులు గుమ్మడిలంక ఆడవాళ్ళేనని నిర్ధారణ అయింది.

"తమరు ఈ ప్రాంగణానికి ఆభరణాలు" అన్నారు లలితమోహనరావు గారు దానమ్మతో, చేతులు జోడించి. "పరీక్ష ముగిసే వరకు దయచేసి ఆసీనులై ఉండవలెను."

"బస్సెల్లిపోద్ది బాబూ."

"బస్సులు రోజూ వెళ్ళును. ఇటువంటి ధ్వని రోజూ రాదు."

బయట వాచ్‌మన్ని నిలబెట్టారు. పరీక్ష ముగిసేసరికి బస్సు వారధి దాటిపోయేది. దానమ్మ వాళ్ళు చీకటిపడ్డాక ఏటిగట్టు మీద గంపలు పట్టుకుని నడిచేవారు. మర్నాడు తెల్లవారకుండా లేచి కూరలు కోసి బస్సందుకునే ఓపిక ఉండేది కాదు, పొద్దెక్కాక మళ్ళీ గట్టు మీదే నడిచి వచ్చేవారు. లంక బస్సు ఖాళీగా వచ్చి ఖాళీగా పోయేది. నేను తారీకులు చూసుకుంటూ గుండెలు బాదుకుంటున్నాను.

ఈ లోపల, రోజూ పరీక్షకని ఉంచుకున్న ఒక్క జత తప్ప నమూనాలన్నీ తిరిగి వెళ్ళిపోయాయి. ఏ పెట్టె అయినా ఎంతో కొంత వణుకుతుందని రాజుగారు తేల్చారు. వణకని పెట్టె కావాలంటే సంస్థే కట్టుకోవాలి. కట్టడం అనే మాట నోట్లోంచి వచ్చాక రాజుగారిని ఆపడం ఎవరి వల్లా కాలేదు. మట్టి పరీక్ష చేయించారు. పునాది తవ్వించారు. ఇనప ఊచలు అల్లించి, సిమెంటు కాంక్రీటుతో రెండు స్పీకరు పెట్టెలు పోయించారు. ఒక్కోటి మా టిక్కెట్టు బుకింగు గదంత ఉంది. ఎక్కి చూసుకోవడానికి మెట్లు పెట్టారు. పైన పిట్టగోడ కూడా కట్టారు. ఎందుకండీ అంటే అలవాటన్నారు. సిమెంటు గట్టిపడేదాకా గోనెలు కప్పి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టించారు. మరుగుదొడ్లలో నీళ్ళు రాక జనం గొడవ పెడితే, స్పీకర్లు తడుస్తున్నాయని చెప్పమన్నారు. నేను అదీ చెప్పాను.

కోను మాత్రం వలీ గారి ఇష్టానికి వదిలారు. ఆయన కాగితం కోనే తెప్పించారు. కోను బిగించడానికి పెట్టె ముందువైపు వదిలిన కన్నం బావిగట్టంత, కోను పళ్ళెమంత. రాజుగారు తాపీవాళ్ళని పిలిచి చుట్టూ టేకు చట్రం పెట్టి పూడ్పించారు. లోపల బూరుగుదూది కూరించారు. ఆ రోజు సాయంత్రం ఇద్దరూ ఒకరినొకరు అభినందించుకుని, ఒకరు వెళ్ళాక ఒకరు నా దగ్గరికి వచ్చి, బాగుంటే అది తన వల్లేనని చెప్పి వెళ్ళారు.

ప్రారంభోత్సవానికి ముందురోజు లలితమోహనరావు గారు సోఫాలో కూర్చునే ఒక దస్త్రం మీద సంతకం చేసి నాకిచ్చారు. గుమ్మడిలంక బస్సు నెల రోజులుగా ఖాళీగా తిరుగుతున్నందున, ప్రజాదరణ లోపించినందున, రేపటి నుండి రద్దు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అదేమిటండీ. వాళ్ళు ఎక్కకపోవడం కాదు, మనం ఎక్కనివ్వలేదు. వాచ్‌మన్ని పెట్టింది మీరే కదండి."

"వాచ్‌మన్‌ని నియమించినది శ్రవణ సంఘాధ్యక్షుని హోదాలో. బస్సు రద్దు చేయుచున్నది ప్రాంతీయాధికారి హోదాలో. రెంటినీ కలపరాదు."

"ఇద్దరూ మీరే కదండీ."

"అందుకే మరింత జాగ్రత్తగా ఉండవలసి వచ్చుచున్నది."

పైగా రద్దు చేసిన బస్సు సంగతి ప్రయాణికులకి మైకులో చెప్పి తీరాలని ఇంకో నిబంధన ఉందట. కొత్త స్పీకర్లలో పలికే మొదటి ప్రకటన అదే కావాలని ఆయన కోరిక. గుమ్మడిలంక అనే మాట అందులో ఉంది కాబట్టి.

మర్నాడు సాయంత్రం మామిడాకులు కట్టారు. సిమెంటు పెట్టెలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. లంక ఆడవాళ్ళని ముందు వరసలో గంపలతో సహా కూర్చోబెట్టారు. ముగ్గురు పెద్దలూ సోఫాల్లో సర్దుకుని కళ్ళు మూసుకున్నారు. నేను అద్దాల గదిలో కాగితం పట్టుకున్నాను. చెయ్యి వణికింది. పెట్టె మాత్రం వణకలేదు.

"ప్రయాణికులకు మనవి. గుమ్మడిలంక వెళ్ళు బస్సు నేటి నుండి శాశ్వతముగా రద్దు చేయబడినది."

నిజం చెప్పాలి. అద్భుతంగా పలికింది. నా గొంతు అంత బాగుంటుందని నాకే తెలియదు. నేను మింగిన గుటక కూడా వినపడింది. ఆ రద్దన్న మాట నేలలోంచి లేచి, బల్లల కిందుగా పాకి, దానమ్మ గంప దాకా వెళ్ళి ఆగింది.

"ఆ 'ద్దు' విన్నారా?" అన్నారు లలితమోహనరావు గారు కళ్ళు తెరవకుండా. "ఎంత నిండుగా కూర్చున్నది."

"పెట్టె బరువండి అది" అన్నారు రాజుగారు.

"కాగితం మెత్తదనం సార్" అన్నారు వలీ గారు.

దానమ్మ లేచింది. గంప అక్కడే వదిలేసింది. నా గది తలుపు తోసుకుని వచ్చి "లెగమ్మా" అంది. నేను లేచాను. ఆపాలని నాకు అనిపించలేదు. మైకు మీట నొక్కి ఉందో లేదో మాత్రం చూసి, ఉందని తలాడించాను.

"ఏవయ్యా కళ్ళు మూసుకున్న పెద్దమనుషులూ" అని మొదలుపెట్టింది దానమ్మ. "మీ జిమ్మడ. మీ సోఫాల్లో నల్లులు పడ. ఉన్న ఒక్క బస్సూ తీసేసి ఈ గోరీలు కట్టుకున్నారా? నెల్రోజులు మమ్మల్ని పట్టుకు కూకోబెట్టి, ఎక్కలేదని మామీదే రాత్తారా? మీ రాతలు తగలెయ్య. మీ పిల్లలకి వంకాయ ముక్క దొరక్కుండా పోను. ఏటిగట్టు మీద చీకట్లో మీ ఆడాళ్ళని నడిపించండొకసారి, తెలుత్తాది. ఇన్నేళ్ళు ఆ ఇనప గొట్టంలో ఏవీ వినపడక, ఏదో మంచే సెప్తన్నారనుకున్నాం. ఇయ్యాళ వినపడింది. మీ నోట్లో మన్నడ, ఇదా మీరు సెప్పేది?"

అందులో అచ్చెయ్యలేనివి కూడా చాలా ఉన్నాయి. వాటిని నేను విన్నాను, బస్టాండంతా విన్నది, చేపల మార్కెట్టులో బేరాలు ఆగిపోయాయట. దానమ్మ ఆయాసంతో ఆగింది. ఆ ఆయాసం కూడా కుడి పెట్టెలోనూ ఎడమ పెట్టెలోనూ సమానంగా వినిపించింది. అప్పటికి నాకు భయం పట్టుకుంది. ఆవిడని స్టేషనుకి పంపుతారు, నన్ను ఇంటికి పంపుతారు.

లలితమోహనరావు గారు కళ్ళు తెరిచారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఆ 'జిమ్మడ' ఇంకొకసారి అనిపించండి" అన్నారు.

రాజుగారు లేచి నిలబడ్డారు. "అంత గొంతు పడినా పెట్టె ఉలకలేదు, చూశారా?"

"గోరీలన్నప్పుడు కోను ఎంత ముందుకొచ్చిందో చూశారా సార్? చిరగలేదు" అన్నారు వలీ గారు. కన్నాల దిక్కు తరవాత వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది దానమ్మ గొంతు దగ్గరే.

ఆవిడ ఏమందో ఆ ముగ్గురిలో ఒక్కరికైనా చెవికెక్కిందా అని నేను వాళ్ళ మొహాలు పరీక్షగా చూశాను. ఎక్కలేదు. ప్రతి అక్షరం విన్నారు, ఒక్క మాటా వినలేదు.

అక్కడికక్కడే సమావేశం జరిగింది. కొత్త కోను బిగువు వదలాలంటే చాలాకాలం పాటు రోజూ గట్టి గొంతుతో నలపాలట. అందుకు దానమ్మ గొంతుని ప్రామాణిక శ్రవణ పాఠంగా స్వీకరించారు. ఆవిడ రోజూ రావలెను. గంపలతో కూడిన పరివారం ముందు వరసలో ఉండవలెను. ఆసీనులు మారితే ధ్వని మారును.

"ఎలా వస్తారండీ?" అన్నాను, మొహంలో ఏమీ కనపడనీయకుండా. "లంకకి బస్సు లేదు కదా. ఇప్పుడే రద్దయింది."

లలితమోహనరావు గారు కొంచెం ఆలోచించి, అదే సోఫాలో, ఇంకో కాగితం మీద సంతకం చేశారు. పొద్దున్న లంక నుంచి తీసుకొచ్చి సాయంత్రం దిగబెట్టడానికి ధ్వని పరీక్షా వాహనం ఒకటి ఏర్పాటు చేయడమైనది. జనం లేకపోతే తీసెయ్యాలనే నిబంధన దానికి వర్తించదు. అది బస్సు కాదు కదా. దాని ఇంజను ఆపక్కర్లేదు, దాన్ని ఎవరూ తొయ్యక్కర్లేదు. రంగు మార్చే తీరిక లేక పాత గుమ్మడిలంక బస్సునే పంపారు. కండక్టరు కూడా అతనే. అతనికి మళ్ళీ మాటొచ్చింది.

ఆ రోజు నుంచి మా బస్టాండులో ఒక పద్ధతి ఏర్పడింది. సాయంత్రం దానమ్మ కూరలు అమ్ముకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా గదిలో కూర్చుని సంస్థని తిడుతుంది. పెద్దలు కళ్ళు మూసుకుని వింటారు. వేరే జిల్లాల అధికారులు కూడా చూసి నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్ళ పేర్లు ముందే కనుక్కుని దానమ్మకి అందించడం కన్వీనరుగా నా బాధ్యత. తిట్టు పూర్తవగానే బస్సు కదులుతుంది. లంక పిల్లలకి ఇంటర్ కాలేజీ దొరికింది, ఆడవాళ్ళకి ఏటిగట్టు నడక తప్పింది. దానమ్మ గంపలు రెండయ్యాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. మొన్న ఒక సాయంత్రం లలితమోహనరావు గారు సోఫాలోంచి లేచి వచ్చి, పాఠంలో భావతీవ్రత కొరవడుచున్నదనీ, ఇట్లే కొనసాగినచో కోను నలిగినట్టే భావించి పరీక్ష ముగించి వాహనాన్ని ఉపసంహరించెదమనీ చెప్పి వెళ్ళారు.

దానమ్మ దిగాలుగా నా పక్కన కూలబడింది. 

"నిజవేనమ్మా. కోపం రాట్లేదు. వంకాయలు అమ్ముడవుతున్నాయి, బస్సు ఏళకొత్తంది. ఏం సూసి తిట్టను? రేపు బస్సు పోతే మళ్ళీ గట్టు నడకే."

నేను సొరుగు లాగి, ఆ రోజే వచ్చిన సర్క్యులరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని ఆవిడకి చదివి వినిపించాను.

"ప్రాంగణములో ప్రయాణికులు నిట్టూర్చుట ధ్వని నాణ్యతకు భంగకరమని గమనించడమైనది. కావున ఇకపై బస్సు ఆలస్యమైనచో, నిట్టూర్పు విడువదలచిన వారు గేటు వెలుపలికి వెళ్ళి విడిచి, తిరిగి వచ్చి ఆసీనులు కావలెను. పసిపిల్లల నిట్టూర్పులకు తల్లులు బాధ్యత వహించవలెను. ఇందు నిమిత్తం..."

దానమ్మ ముక్కుపుటాలు అదిరాయి. కొంగు బిగించింది.

"చాల్లేమ్మా" అంది. "మైకు ఇలా తే."